లీటర్ల లెక్కలో కనిపించని పశుసంపద: జాతుల వైవిధ్యంతో నేలకు, మనిషికి ఒరిగేదేమిటి?

క్లుప్తంగా

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2015లో ఇచ్చిన నివేదిక ప్రకారం ప్రపంచంలో నమోదైన పెంపుడు పశువులు, జీవాలు, కోళ్ల జాతులు 8,774. వీటిలో 17 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయి. మరో 58 శాతం జాతుల్లో ఎన్ని తలలు మిగిలాయో లెక్కే లేదు. పాల దిగుబడి, మాంసం బరువు మాత్రమే కొలతలుగా పెట్టుకుంటే వీటిలో చాలావాటికి విలువ లేనట్టే కనిపిస్తుంది. పొదలు అదుపులో ఉండటం, మందుల వాడకం తగ్గడం, కరువులోనూ మంద నిలబడటం వంటివి వేరే పద్దులో పడతాయి. పైగా ఆ లాభాలు జంతువు ఒక్కదాని వల్ల వచ్చేవి కావు. జంతువు, అది మేసే నేల, దాన్ని మేపే మనిషి కలిసి ఉన్నంత కాలమే అవి అందుతాయి. 2026ను గడ్డిభూములు, పశుచారకుల అంతర్జాతీయ సంవత్సరంగా ఐక్యరాజ్యసమితి ప్రకటించడంతో ఈ చర్చ మళ్లీ ముందుకొచ్చింది.

‘జాతి’ అన్న మాటలోనే తికమక

తెలుగులో జాతి అన్న మాట రెండు అర్థాల్లో నడుస్తోంది. ఆవు, గేదె, గొర్రె, మేక వేర్వేరు జీవజాతులు. ఆవుల్లోనే హోల్‌స్టీన్, ఒంగోలు, ఎన్‌దామా వంటివి పెంపకపు జాతులు. ఈ వ్యాసంలో జాతి అంటే రెండోదే. రెండు పెంపకపు జాతులను దాటిస్తే దూడ పుడుతుంది, ఆ దూడ కూడా పెరిగి ఈనుతుంది. అందుకే ఒక పశుజాతి పోవడం పులి అంతరించిపోవడంతో సమానం కాదు. ఆవు ఉంటుంది, పాలూ ఉంటాయి. ఒక చోటి ఎండకు, మేతకు, పురుగుకు వందల ఏళ్లుగా కుదురుకున్న జన్యువుల కలయిక మాత్రం చెదిరిపోతుంది. ఒకసారి చెదిరితే దాన్ని మళ్లీ పేర్చడం దాదాపు అసాధ్యం.

జాతులు ఏర్పడిన దారులు కూడా రెండు. ఒకటి, వంశావళి పుస్తకంతో, ఒడ్డూ పొడుగూ రంగూ రాసిపెట్టుకుని స్థిరపరచినది. షార్ట్‌హార్న్ ఆవులకు 1822లో ఇంగ్లండ్‌లో అచ్చయిన వంశావళి పుస్తకం ఈ పద్ధతికి తొలి నమూనాల్లో ఒకటి. రెండోది, కరువులో బతికిన పశువు, ముళ్ల దారిన నడిచిన పశువు, మనిషి మాట విన్న పశువు మిగిలి, వాటి సంతానంతోనే మంద నిండటం. ఈ రెండో రకాన్ని ‘నాటు’ అని తేలిగ్గా తీసిపారేస్తుంటారు. పుస్తకంలోకి ఎక్కకపోయినా ఎంపిక మాత్రం అక్కడా జరిగింది. కాకపోతే ఎంపిక చేసింది సగం మనిషి, సగం కరువు.

ఒకే మందలా కనిపించినా మేత ఒకటి కాదు

ఆవుకు పై దవడలో ముందుపళ్లు ఉండవు. నాలుకతో గడ్డిని చుట్టి లాగుతుంది కాబట్టి నేలబారు గడ్డి దానికి అందదు. గొర్రె మూతి సన్నన, పై పెదవి చీలి ఉంటుంది. అది కావలసిన చిగురును ఏరుకుని మొదలంటా కొరుకుతుంది. మేక ముందుకాళ్లెత్తి పొదల మీది ఆకు దూస్తుంది. గుర్రానికి రెండు దవడల్లోనూ ముందుపళ్లున్నాయి కాబట్టి గడ్డిని కత్తిరించినట్టు మేస్తుంది. ఈ తేడాలు పశుపోషణ తెలిసిన వారందరికీ పరిచయమే. ఒకే జీవజాతికి చెందిన రెండు పెంపకపు జాతులు కూడా ఒకే బీడును వేర్వేరుగా మారుస్తాయన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

ఆల్ప్స్ కొండలనే చూద్దాం. అక్కడ మేపడం మానేసిన పచ్చిక బయళ్లను గ్రీన్ ఆల్డర్ అనే పొద ఆక్రమిస్తోంది. దాని వేళ్లలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలలోకి దించుతాయి. నత్రజని ఎక్కువైన చోట ఏపుగా పెరిగే నాలుగైదు రకాలే మిగిలి తక్కిన మొక్కలు అణగిపోతాయి, నైట్రేట్ ఊటనీళ్లలో కలుస్తుంది. మామూలు గొర్రెలను తోలితే ఆకులు తిని వెళ్లిపోతాయి, పొద మళ్లీ చిగురిస్తుంది. స్విట్జర్లాండ్‌కే చెందిన ఎంగడీన్ గొర్రె ఆల్డర్ బెరడును ఒలుచుకు తింటుంది. బెరడు చుట్టూరా పోయిన కొమ్మ ఎండిపోతుంది. కాబట్టి ఈ పనికి పనికొచ్చేది ఏదో ఒక గొర్రె కాదు, ఈ గొర్రె.

స్విస్ పరిశోధకులే స్కాట్లండ్‌కు చెందిన హైలాండ్ ఆవులు మేసే బయళ్లను, అధిక దిగుబడి జాతులు మేసే పొరుగు బయళ్లను పోల్చి చూశారు. హైలాండ్ ఆవుల బయళ్లలో పొదలు తక్కువగా, మొక్కల రకాలు ఎక్కువగా కనిపించాయి. కారణం వాటి శరీరంలోనే ఉంది. వేగంగా పెరిగే పశువుకు పోషకాలు దట్టంగా ఉన్న మేత కావాలి, అందుకే అది మంచి గడ్డిని ఏరుకుని మిగతాది వదిలేస్తుంది. నెమ్మదిగా పెరిగే హైలాండ్ ఆవుకు ఆ తొందర లేదు, ముతక గడ్డి, పొదల కొమ్మలు కూడా తింటుంది. పైగా ఒంటి బరువు తక్కువ, గిట్టలు వెడల్పు. నేల మీద ఒత్తిడి తగ్గుతుంది, వానకు నానిన వాలుల్లో మట్టి తక్కువగా తెగుతుంది.

నైరుతి స్పెయిన్‌లో ఇదే సంబంధం చెట్టు దాకా సాగింది. అక్కడి ఓక్ తోపులను దెహేసా అంటారు. శరత్కాలం చివర నుంచి చలికాలమంతా ఐబీరియన్ పందులు రాలిన ఓక్ గింజలు తిని బలుస్తాయి. హెక్టారుకు ఎన్ని పందులను వదలవచ్చో 2014 నాటి స్పెయిన్ నిబంధన కట్టడి చేసింది. తోపులో చెట్ల విస్తీర్ణాన్ని బట్టి గరిష్ఠం 1.25. గింజ ఉంటేనే పంది, చెట్టు ఉంటేనే గింజ కాబట్టి చెట్టును నిలపడంలో యజమానికి లాభం ఉంది. తొందరగా పెరిగే తెల్ల పందికి ఇంత తిరుగుడు, ఇంత కొవ్వు నిల్వ సరిపడవు. ఆ పందిని పెంచాలంటే షెడ్డు కావాలి తప్ప తోపు అక్కర్లేదు. అదే దేశంలోని ఆండలూసియా ప్రాంతం అగ్నినిరోధక పట్టీలను గొర్రెలు, మేకలతో మేపించి, మేసిన మేరకు కాపరులకు డబ్బు చెల్లిస్తోంది. ఎండాకాలానికి ముందే ఎండుగడ్డి, చిన్న పొదలు తగ్గితే మంటకు ఆజ్యం తగ్గుతుందన్నది అందులోని లెక్క.

ఇక్కడో హెచ్చరిక అవసరం. ఏ జాతీ తనంతట తాను నేలను బాగుచేయదు. ఎన్ని తలలు, ఎన్ని రోజులు, ఎంత విరామం అన్నవి తప్పితే అరుదైన జాతి కూడా బయలును చదునుగా గొరిగేస్తుంది. ఒక చోటికి కుదురుకున్న జాతిని మరోచోటికి తెచ్చినా చిక్కే. స్కాట్లండ్ ఉత్తరాన నార్త్ రొనాల్డ్‌సే దీవి గొర్రెలు సముద్రపు నాచు తిని బతుకుతాయి. నాచు నుంచి ఒంటికి పట్టే రాగి తక్కువ కాబట్టి, దొరికిన కాస్త రాగినీ గట్టిగా పీల్చుకునేలా వాటి శరీరం మారింది. అదే గొర్రెను మామూలు పచ్చికలో మేపితే రాగి కాలేయంలో పేరుకుని విషమవుతుంది.

రోగ నిరోధం నుంచి పేడ పురుగు దాకా

గొర్రెల కడుపులో చేరే హీమాంకస్ అనే నట్ట రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం పీలుస్తుంది. వెయ్యి నట్టలుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు పోయినట్టే. ఒక్కో ఆడ నట్ట రోజుకు వేల గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో బయలులో పడి, తేమ తగలగానే పిల్లలై గడ్డి మీదికి పాకుతాయి. మందు తాగించడం సులభమే. అయితే మందలోని జీవాలన్నిటికీ తరచూ తాగిస్తే, మందుకు తట్టుకున్న నట్టలే మిగిలి వాటి సంతతే పెరుగుతుంది. చాలా దేశాల్లో ప్రధాన నట్టల మందులకు ఇప్పుడు ఈ పరిస్థితి వచ్చింది.

తూర్పు ఆఫ్రికాలోని రెడ్ మసాయి గొర్రె ఈ నట్టను చాలావరకు అదుపులో పెట్టుకోగలదు. దాని పెంటికల్లో నట్టల గుడ్లు తక్కువగా ఉంటాయి, ఒంట్లో రక్తం అంతగా పడిపోదు. కెన్యాలో జరిగిన పోలికల్లో, తేమ ఎక్కువగా ఉన్న చోట ఇది మాంసానికి పేరుపడ్డ డోర్పర్ జాతిని మించింది. పొడినేలల్లో మాత్రం డోర్పర్‌దే పైచేయి. తీర్పు జాతిని బట్టి కాదు, చోటును బట్టి మారుతోందన్నది గమనించాల్సిన విషయం.

మందు తగ్గడం వల్ల వచ్చే మరో లాభం లెక్కల్లోకి రాదు. ఐవర్‌మెక్టిన్ వంటి మందులో ఎక్కువ భాగం పేడతోనే బయటికి వస్తుంది. కొన్ని వారాల పాటు ఆ పేడలో పెరిగే పేడ పురుగుల పిల్లలను చంపుతుంది, లేదా ఎదగనివ్వదు. పేడ పురుగులు లేకపోతే పేడ నేలలోకి దిగదు, పైనే ఎండిపోయి ఆ మేర గడ్డిని కప్పేస్తుంది, ఈగలు పెరుగుతాయి. యూరోపియన్లు తెచ్చిన ఆవుల పేడను అక్కడి పురుగులు కరిగించలేకపోవడంతో, ఆస్ట్రేలియా 1960ల నుంచి విదేశీ పేడ పురుగులను దిగుమతి చేసుకోవాల్సి వచ్చింది. నట్టకు తట్టుకునే గొర్రె ఆ మేరకు మందునే కాదు, పురుగును, నేలను కూడా మిగులుస్తుందన్న మాట.

పశ్చిమ ఆఫ్రికాలోని ఎన్‌దామా ఆవు సంగతి ఇంకా ప్రసిద్ధం. సెట్సీ ఈగ కుట్టినప్పుడు ఒంట్లో చేరే ట్రిపనోసోమా అనే పరాన్నజీవి చాలా జాతుల ఆవులను రక్తహీనతతో చంపేస్తుంది. ఎన్‌దామాకు రోగం సోకుతుంది కానీ రక్తం అంతగా పడిపోదు. దీన్ని నిరోధం అనడం కన్నా తాళుకోవడం అనడం సబబు, ఎందుకంటే దానికీ హద్దుంది. మేత కరవై బక్కచిక్కినా, బండెడు చాకిరీ చేయించినా, ఈగల దాడి మరీ ఎక్కువైనా ఎన్‌దామా కూడా పడిపోతుంది. నాటు పశువుకు ఏ రోగమూ రాదన్న ప్రచారంలో నిజం లేదు. ఒక రోగాన్ని తాళుకునే జాతి మరో రోగానికి లొంగిపోవచ్చు, టీకాలు అన్నిటికీ కావాలి.

ఎప్పుడు అక్కరకొస్తుందో తెలియని నిల్వ

1790ల్లో బెంగాల్ నుంచి కొన్ని గొర్రెలు ఓడలో ఆస్ట్రేలియా చేరాయి. అప్పట్లో వాటిని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత, బూరూలా మెరినో గొర్రెలు ఒక ఈతలో రెండు మూడు పిల్లలను ఎందుకు వేస్తున్నాయని వెతికితే ఫెక్-బీ అనే ఒక్క జన్యుమార్పు దొరికింది. దాని జాడ తీస్తే సుందరవనాల చిత్తడిలో మేసే చిన్న గొర్రె, గరోల్ దగ్గర తేలింది.

వేడి విషయంలోనూ ఇదే తీరు. ఎక్కువ పాలిచ్చే ఆవు ఎక్కువ మేత తింటుంది, ఆ మేత అరిగేటప్పుడు పుట్టే వేడి కూడా ఎక్కువే. బయటి వేడి, తేమ పెరిగితే ఆ వేడిని వదిలించుకోలేక ముందు మేత తగ్గిస్తుంది, తర్వాత పాలు తగ్గుతాయి, ఆపైన ఎద నిలవదు. కరీబియన్ దీవి సెయింట్ క్రాయ్‌లో పుట్టిన సెనెపోల్ ఆవుల్లో వెంట్రుకలను పొట్టిగా, నున్నగా చేసే ‘స్లిక్’ జన్యువు ఉంది. హోల్‌స్టీన్‌లోకి దాన్ని తెచ్చినప్పుడు ఎండలో ఒంటి వేడి సుమారు అర డిగ్రీ తక్కువగా నమోదైంది. అర డిగ్రీ చిన్న అంకెగా కనిపించినా, వేడికి అల్లాడే పశువుకు అది మేత మానడానికీ మానకపోవడానికీ మధ్యనున్న తేడా కావచ్చు. బ్రెజిల్ మాంసపు మందల్లో అధిక భాగం నెలోర్ జాతివే. వాటి మూలం ఒంగోలు జాతి. ఉష్ణమండలపు ఎండకు, పిడుదులకు, ముతక గడ్డికి యూరప్ ఆవులు తట్టుకోలేకపోవడమే ఆ వలసకు దారి తీసింది.

ఒక ఆబోతు, 16 వేల కూతుళ్లు

తలల సంఖ్య లక్షల్లో ఉంటే జాతి భద్రంగా ఉన్నట్టేనన్నది తరచూ వినిపించే పొరపాటు. పాల ఆవుల్లో ప్రపంచమంతా పరుచుకున్న హోల్‌స్టీన్ ఇందుకు ఉదాహరణ. ఉత్తర అమెరికాలో కృత్రిమ గర్భధారణకు వాడే హోల్‌స్టీన్ ఆబోతుల తండ్రి వంశాలు దాదాపు అన్నీ 1880ల నాటి రెండే రెండు ఆబోతుల దగ్గర కలుస్తాయి. 1962లో పుట్టిన చీఫ్ అనే ఆబోతుకు 16 వేల మంది కూతుళ్లు. అది పాల దిగుబడిని బాగా పెంచింది. దాంతోపాటు పిండాన్ని చంపే లోపమున్న జన్యువును కూడా పంచింది. ఆ లోపమున్న ఆవును ఆ లోపమే ఉన్న ఆబోతుకు దాటిస్తే నాలుగింట ఒక పిండం నిలవదు. ఈ ఒక్క లోపం వల్ల 5 లక్షలకు పైగా చూడి ఆవులు ఈసుకుపోయాయని 2016లో ప్రచురితమైన అధ్యయనం అంచనా వేసింది.

దీని వెనకున్న లెక్క సులభమే. ఆడ, మగ సంఖ్యల లబ్ధాన్ని నాలుగుతో గుణించి, వాటి మొత్తంతో భాగిస్తే జాతికి ‘వాస్తవ పరిమాణం’ వస్తుంది. వెయ్యి ఆవులకు ఐదు ఆబోతులే ఉంటే ఆ పరిమాణం సుమారు 20. అంటే జన్యువుల దృష్టిలో ఆ మంద వెయ్యిది కాదు, ఇరవైది. తరానికి రక్తసంబంధం 2.5 శాతం చొప్పున పెరుగుతుంది. అవే వెయ్యి ఆవులకు 25 ఆబోతులు ఉంటే పరిమాణం 98కి చేరుతుంది, పెరుగుదల అర శాతానికి దిగుతుంది. ఈ పరిమాణం 50కి తగ్గకూడదన్నది ఎఫ్ఏఓ సూచన. ఒక్క ఆవునూ అదనంగా కొనకుండా, మగవాటిని ఎక్కువ ఉంచుకున్నందుకే ప్రమాదం ఐదో వంతుకు తగ్గిందని గమనించాలి.

పెంపకందారు పద్దులో

భూమి లేని కుటుంబానికి మేక, కోడి బ్యాంకు ఖాతాతో సమానం. పిల్లల చదువుకో వైద్యానికో రెండు జీవాలను అమ్ముకోవచ్చు. ఆవును ముక్కలుగా అమ్మలేరు. చాలా సమాజాల్లో చిన్న జీవాలు, కోళ్లు ఆడవాళ్ల చేతిలో ఉంటాయి. కుంటలో నీరు తాగి, ఊరి బీడులో మేసి, రాత్రి తిరిగొచ్చే జాతి అయితేనే ఆ ఏర్పాటు నడుస్తుంది. దాణా కొనాల్సిన, షెడ్డు కట్టాల్సిన జాతి వస్తే పెట్టుబడి అవసరమవుతుంది. పెట్టుబడితో పాటు పెత్తనం కూడా చేతులు మారడం తరచూ జరుగుతోంది.

ఉగాండాలో ఒక కరువులో అంకోలే ఆవులున్నవారు వాటిని దూరపు నీటి వరకు తోలుకుపోగలిగారు. వాటిని వదిలి విదేశీ జాతులకు మారినవారిలో కొందరి మందలు పూర్తిగా పోయాయి. మంచి ఏడాది సగటు దిగుబడితో పోలిస్తే అంకోలే వెనకబడుతుంది. పదేళ్లకు ఒక చెడ్డ ఏడాదిని కూడా కలిపితే లెక్క మారుతుంది.

తక్కువ దిగుబడికి సరుకు విలువతో భర్తీ చేసిన దాఖలాలున్నాయి. ఇటలీలోని రెజ్జానా అనే ఎర్రావు 1980ల్లో 500 ప్రాంతానికి పడిపోయింది. పాలు హోల్‌స్టీన్ కన్నా తక్కువ, జున్నుకు మాత్రం మేలు. పాడి రైతులు ఆ పాలతోనే చేసిన పార్మిజానో జున్నుకు 1991 నుంచి విడిగా ముద్ర వేసి ఎక్కువ ధరకు అమ్మారు. ఆ తర్వాత ఆవులు మళ్లీ వేలల్లోకి చేరాయి. అయితే ఈ దారి అందరికీ దొరికేది కాదు. ఎక్కువ ధర పెట్టే కొనుగోలుదారు, కల్తీని పట్టే తనిఖీ, ముద్రను ఒకే మాట మీద కాపాడుకునే సంఘం లేని చోట ఇలాంటి ప్రయత్నాలు చతికిలబడతాయి.

మీథేన్ వాదనలో ఎంత నిజం

ఎక్కువ పాలిచ్చే ఆవులే పర్యావరణానికి మేలన్న వాదన తీసిపారేయదగింది కాదు. పశువు తినేదాంట్లో కొంత దాని ప్రాణం నిలుపుకోవడానికే పోతుంది. ఆ ఖర్చు ఐదు లీటర్ల మీద పడటానికి, ఇరవై లీటర్ల మీద పడటానికి తేడా ఉంది. లీటరుకు మీథేన్ లెక్కిస్తే అధిక దిగుబడి జాతి స్పష్టంగా గెలుస్తుంది.

లెక్కలో ఏం కలిపారు, ఏం వదిలారు అన్న దగ్గర చిక్కు మొదలవుతుంది. ఇరవై లీటర్లకు ధాన్యం, సోయా కావాలి. అవి పండే నేలలో మనిషికి తిండి కూడా పండుతుంది. ప్రపంచవ్యాప్తంగా పశువులు తినే మేతలో, తేమ తీసేసి లెక్కిస్తే, 86 శాతం మనిషి తినలేనిదే. రాతి వాలుల గడ్డిని, పంట కోశాక మిగిలిన మోళ్లను పాలుగా మార్చగల జాతులు ఈ వాటాను మోస్తున్నాయి. పేడ, దుక్కి, బరువు మోత వంటివి కూడా కలిపి పంచితే లీటరు వాటాకు వచ్చే మీథేన్ తగ్గుతుంది. ఇన్ని కలిపినా ప్రతిచోటా నాటు జాతే గెలుస్తుందని చెప్పలేం. నీరు, మేత, వైద్యం నిలకడగా దొరికే చోట అధిక దిగుబడి జాతిదే సరైన ఎంపిక.

సంకరం ఎక్కడ బెడిసికొడుతుంది

రెండు దూరపు జాతులను దాటిస్తే పుట్టే మొదటి తరం తల్లిదండ్రుల సగటును మించుతుంది. దీన్నే సంకర బలం అంటారు. మొదటి తరం పశువులను వాటిలో వాటికే దాటిస్తే రెండో తరంలో ఆ బలం సగానికి పడిపోతుంది, పిల్లలు ఒకదానికొకటి పొంతన లేకుండా వస్తాయి. మొదటి తరం ఎప్పుడూ అందాలంటే మేలైన నాటు మంద ఎక్కడో స్వచ్ఛంగా ఉండి తీరాలి. వీర్యం పంచే పథకాలు తరచూ మరిచేది దీన్నే. రెడ్ మసాయి మందల్లోకి డోర్పర్ పొట్టేళ్లను విచ్చలవిడిగా వదిలాక కొన్నేళ్లకు స్వచ్ఛమైన రెడ్ మసాయి దొరకడమే కష్టమైంది.

పైకి కనిపించని నష్టం ఇంకొకటి. బాగా ఎదిగిన మగపిల్లకు సంతలో ముందే గిరాకీ. దాన్ని అమ్మేస్తే మందలో దాటడానికి మిగిలేది ఎదగనిదే. ఏటా ఇలాగే జరిగితే జాతి దానంతటదే దిగజారుతుంది, నింద మాత్రం ‘నాటుది ఇంతే’ అని జాతి మీద పడుతుంది. ఇథియోపియాలో మెంజ్, బొంగా గొర్రెలతో 2009 ప్రాంతంలో మొదలైన గ్రామ పథకాలు దీన్ని తిప్పికొట్టే పద్ధతిని చూపాయి. పుట్టిన తేదీ, తల్లి వివరం రాస్తారు. ఆరు నెలలకు తూకం వేస్తారు. అమ్మకానికి ముందే ఊరి కమిటీ మంచి మగపిల్లలను ఏరి ఉమ్మడిగా వాడుతుంది, మిగతావాటికి వట్టలు కొట్టించి మాంసానికి పెంచుతారు. 25–30 ఆడవాటికి ఒక పొట్టేలు చాలు. దాని కూతుళ్లు ఎదకు వచ్చేలోపే దాన్ని పక్క ఊరి మందతో మార్చుకోవాలి. ఈ ఒక్క మార్పిడి తప్పినా పొట్టేలు తన కూతుళ్లనే దాటుతుంది.

ద్రవ నత్రజని కాపాడగలిగింది, కాపాడలేనిది

మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వీర్యం దశాబ్దాల పాటు నిలుస్తుంది. కానీ వీర్యం ఒక్కటే ఉంటే జాతిని తిరిగి కట్టడం నెమ్మది వ్యవహారం. వేరే జాతి ఆవును దాటిస్తే మొదటి తరంలో 50 శాతం, తర్వాత వరసగా 75, 87.5, 93.75, ఐదో తరానికి సుమారు 97 శాతం. ఆవుల్లో తరానికి మూడేళ్లు వేసుకున్నా పదిహేనేళ్లు. తల్లి వైపు నుంచే వచ్చే మైటోకాండ్రియా జన్యువులు అప్పటికీ తిరిగి రావు, దానికి పిండాలను దాచాలి. కోళ్లలో ఇంకా చిక్కు. పచ్చసొన వల్ల గుడ్డు గడ్డకట్టించడానికి లొంగదు. అందుకే పిండదశలోని బీజకణాలను తీసి భద్రపరిచే పద్ధతి వైపు ప్రయోగశాలలు మళ్లాయి.

2001లో బ్రిటన్‌లో గాలికుంటు వ్యాధి వచ్చినప్పుడు 60 లక్షలకు పైగా పశువులను, జీవాలను చంపాల్సి వచ్చింది. హెర్డ్‌విక్ గొర్రెల్లో అత్యధికం కంబ్రియా కొండల్లోనే ఉండటంతో జాతి మొత్తం ఒకే దెబ్బకు పోయే ప్రమాదం ఏర్పడి, హడావుడిగా వీర్యం, పిండాలు సేకరించారు. కానీ ఈ గొర్రెలకు కంచె అక్కర్లేదు. కొండ మీద తమ మందది ఏ మేరో తల్లి వెంట తిరుగుతూ గొర్రెపిల్ల నేర్చుకుంటుంది, ఆ మేర దాటదు. మంద మొత్తాన్ని చంపిన చోట కొత్త గొర్రెలను తెస్తే వాటికి ఆ హద్దు తెలియదు. కాపరి రోజూ కాపు కాస్తూ, రెండు మూడు ఈతల వరకు మళ్లీ నేర్పాలి. లేదంటే కొండంతా కంచె వేయాలి.